నోరు తిరుగని బిడ్డయు, వినెడి చెవియు

ధ్యాన భాగము: మార్కు 7:31–37



దెకపొలి ప్రాంతములో మన ప్రభువు నొద్దకు తేబడిన ఒక మనుష్యుని సంగతి మీరందరు అనేక పర్యాయములు వినియున్నారు. వానికి చెవుడును నత్తియు రెండును ఉండెను. తెచ్చినవారు కోరినది ఆయన వానిమీద చేయి ఉంచవలెనని మాత్రమే. ప్రభువు చేసిన పని అంతకంటె నిదానమైనది. మొదట గుంపును విడిచి వానితో ఒంటరిగా ప్రక్కకు వెళ్లెను. తరువాత ఆయన వేళ్లు వాని చెవులలోనికి పోయెను. నాలుక వంతు దాని తరువాతనే వచ్చెను. కడపట వాడు తేటగా మాటలాడెనని చదివి మనము సంతోషించి ముగించుదుము గాని, ఈ క్రమమును గమనించువారు తక్కువ.

ఈ భాగములో వైద్యశాస్త్రము వెదకుట నా ఉద్దేశము కాదు. సువార్త అందుకొరకు వ్రాయబడలేదు. అయినను దీనిని చదువునప్పుడెల్ల నాకొక ప్రశ్న పుట్టుచున్నది. మన యిండ్లలోను, ఆదివార పాఠశాలలలోను పలుకు సరిగా రాని పిల్లలున్నారు. కాకిని "తాతి" అనువారు, రాముని "లాముడు" అనువారు, ఆరేండ్లు వచ్చినను తల్లికి తప్ప ఎవరికిని మాట తెలియనివారు ఉన్నారు. అట్టి బిడ్డను "సరిగా పలుకు" అని గద్దించుటకు మనకు హక్కు ఎప్పుడు కలుగును? స్పష్టమైన మాట బిడ్డ మనకు బాకీయున్నాడా? లేక అంతకు ముందే మనము బిడ్డకు ఏదైన బాకీయున్నామా?

మన పల్లెలలో పలుకు తప్పిన బిడ్డను చూడగానే అందరి చూపు నాలుకమీదికే పోవును. వస కొమ్ము అరగదీసి నాకించుదురు. ఎడతెగక మాటలాడువానిని "వస పోసిన పిట్ట" అనుట మీకు తెలిసినదే. మరికొందరు నాలుక క్రింది నరమును కోయించుమని సలహా చెప్పుదురు. నాలుక కట్టుబడియుండుట కొందరి విషయములో నిజమే. అంగిలి చీలిక అంతకంటె పెద్ద కారణము. అవి డాక్టరు చూచి చెప్పవలసిన సంగతులు. ఏ దోషమును లేని నాలుకకు మందు రాయుటవలన ప్రయోజనమేమి? మందులన్నియు అయిపోయిన తరువాత మిగులునది బెదిరింపు. "మళ్లీ అను. కాదు, మళ్లీ అను!" అని ఇరుగు పొరుగువారి యెదుట పదిసార్లు అనిపించుదురు. పదిసార్లును బిడ్డ "తాతి" అనియే అనును. పదకొండవసారి నోరు మూసికొనును. నోరు తిరుగని బిడ్డను చూచినప్పటికంటె, నోరు మూసికొనిన బిడ్డను చూచినప్పుడు నాకు ఎక్కువ భయము కలుగును.

ఇంతలో చెవి సంగతి ఎవరును అడుగరు. బిడ్డ తాను విన్నదానినిబట్టియే పలుకుట నేర్చుకొనును. తెలుగింటిలో పెరిగిన బిడ్డకు తెలుగును, తమిళ యింటిలో పెరిగినవానికి తమిళమును వచ్చుట ఇందువలననే గదా. కాబట్టి మొదట తెలిసికొనవలసినది చెవి వినుచున్నదా లేదా అని. జలుబు చేసిన తరువాత చెవిపొర వెనుక నీరు చేరి నిలుచుట చిన్నపిల్లలలో చాల సాధారణము. అది బయటికి కనబడదు. నొప్పియు ఉండకపోవచ్చును. ఒక వారము బాగుగా వినబడి మరొక వారము మందముగా వినబడును. వెనుక గిన్నె పడవేసి చూచితిమి, తిరిగి చూచినాడు, చెవుడు లేదు అని తల్లులు నాతో చెప్పుదురు. గిన్నె చప్పుడు పెద్దది. కోటకును తోటకును మధ్యనున్న భేదము చాల సన్ననిది. గిన్నె వినిన చెవి ఆ భేదమును వినుననుటకు రుజువు లేదు.

చెవిలో చీము కారుచుండగా కాగిన నూనె పోయుట, వెల్లుల్లి వేసి మరిగించిన నూనె పోయుట, పుల్లతో తీయుట మానవలెను. వినికిడి పరీక్ష నొప్పిలేనిది. 2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగనవాడీలకును ప్రభుత్వ పాఠశాలలకును వచ్చి 18 ఏండ్ల లోపు పిల్లలను పరీక్షించు ఏర్పాటున్నది. వినికిడి లోపమును, మాట ఆలస్యమగుటయు వారు చూడవలసిన వాటిలో చేరియున్నవి. పరీక్ష దినమున బిడ్డను పొలమునకు తీసికొనిపోక బడికి పంపుడి. మైసూరులో 1965లో ఈ పనికొరకే అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ స్థాపింపబడెను. ముంబయిలో 1983లో అలీ యావర్ జంగ్ పేరున ఏర్పడిన జాతీయ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రమున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము మాటకును భాషకును సంబంధించిన వైకల్యమును తన పట్టికలో చేర్చినది. కాబట్టి ఇది బిడ్డ పెంకితనమని కొట్టిపారవేయు కాలము గతించినది.

పరీక్షలో చెవి బాగుగానే యున్నదని తేలిన తరువాతకూడ వినుట అను సంగతి ముగియదు. శబ్దము వినుట ఒకటి. రెండు శబ్దముల మధ్య భేదమును పోల్చుకొనుట మరియొకటి. తాను పలికినదానిని తానే విని, అది సరిపోయినదో లేదో ఎరుగుట మూడవది. ఈ మూడవది పెద్దలమైన మనకుకూడ కష్టమే. పాట తప్పుగా పాడువానికి తన పాట తప్పని తెలియదు, ప్రక్కవాని తప్పు మాత్రము వెంటనే తెలియును!

1960లో అమెరికాలో జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ అను పండితులు ఒక చిన్నవాని సంగతి వ్రాసిరి. వానియొద్ద ప్లాస్టిక్ చేప బొమ్మ ఒకటి ఉండెను. ఇంగ్లీషులో చేపను "ఫిష్" అందురు. వానికి నోరు తిరుగక "ఫిస్" అనెను. పెద్దవారు వానివలెనే "ఇది నీ ఫిస్‌ కదా?" అని అడుగగా వాడు కాదని, "నా ఫిస్" అని పట్టుబట్టెను. మరల మరల అడిగినను ఒప్పుకొనలేదు. తుదకు "ఇది నీ ఫిష్‌ కదా" అనగానే "అవును, నా ఫిస్" అనెను. ఈ బిడ్డ చెవిలో సరియైన మాటయే ఉన్నది. నోటినుండి రావలసియున్నది, అంతే. మనము ముద్దుకొరకు బిడ్డ మాటను అనుకరించి "తాతి వచ్చింది, చూడు తాతి" అనుచుందుము. బిడ్డ దానిని ముద్దుగా తీసికొనుచున్నాడని మనకు ఎవరు చెప్పిరి? ఎగతాళి అని కొందరు పిల్లలకు బాగుగా తెలియును. ఏడాది బిడ్డతో ముద్దు పలుకులు పలుకుట వేరు, ఆరేండ్లవానితో పలుకుట వేరు.

అయితే పిల్లలందరు ఆ చేప బొమ్మ బిడ్డవలె ఉండరు. కొందరికి భేదము చెవికే అందియుండదు. వారి విషయమై ఛార్లెస్ వాన్ రైపర్ (1905–1994) అను అమెరికా అధ్యాపకుడు ఎక్కువ శ్రమపడెను. ఆయనయే నత్తితో బాధపడినవాడు. 1939లో పలుకు దిద్దుటను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము చాల కాలము పాఠ్యగ్రంథముగా నుండెను. ఆయన పద్ధతిలో మొదట బిడ్డను ఆ శబ్దమును పలుకుమని అడుగనే అడుగరు. వినిపించుదురు, పోల్చుకొనుమందురు, సరియైనదానిని తప్పునుండి వేరుచేయుమందురు. ఆ తరువాతనే నాలుక పని. తరువాతి పరిశోధకులు దీనిని కొంత సవరించిరి. ప్రతి బిడ్డకు చెవి శిక్షణ అక్కరలేదనియు, అవసరమైనవారికి వినుటయు పలుకుటయు జతగా నేర్పవచ్చుననియు ఇప్పుడు చెప్పుదురు. 1994లో సుసాన్ ర్వాచెవ్ ప్రచురించిన పరిశోధనలో, సరియైన పలుకును తప్పు పలుకునుండి వినిపట్టుట నేర్చిన పిల్లలు ఆ శబ్దమును పలుకుటలోను ముందుకు వచ్చిరి. ఒక్క చప్పుళ్లు మాత్రము విని గుర్తించుటవలన పలుకు దిద్దబడదు. మాటలలోని శబ్దములే వినవలెను.

ఇది మన యింటిలో చేయదగిన పనియేనా? చేయవచ్చును. మన తెలుగులో ఒక్క అక్షరము మారగానే అర్థము మారిపోవు జతలు సమృద్ధిగా ఉన్నవి. కోట, తోట. కాలు, తాలు. కాడి, తాడి. "ర" బదులు "ల" పలుకువారికి కారము, కాలము, చీర, చీల. రైతు బిడ్డకు తాలనగా నేమో, కాడి యనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. చేటలో కొంచెము తాలు పోసి ముందు పెట్టి, "కాలు చూపించు" అని ఒకసారియు, "తాలు చూపించు" అని ఒకసారియు తల్లి చెప్పవలెను. బిడ్డ పలుకనక్కరలేదు, చూపిన చాలును. సరిగా చూపినప్పుడెల్ల ఒక చింతపిక్క డబ్బాలో వేయనియ్యుడి. తల్లి నోరు బిడ్డకు కనబడునట్లు కూర్చుండవలెను. టీవీ ఆపవలెను, సెల్ ఫోను ప్రక్కన పెట్టవలెను. ఐదు నిమిషములు, మహా అయితే పది. బిడ్డ విసుగుకొనక ముందే ఆపవలెను.

కొన్ని దినములైన తరువాత ఆట తిరుగవేయుడి. ఈసారి తప్పు పలుకువారు మీరు. తాతగారు గోడమీది కాకిని చూపి "అదిగో తాతి!" అనవలెను. బిడ్డ పట్టుకొనవలెను. పెద్దవారి తప్పు పట్టుటకంటె పిల్లలకు వేడుక మరియొకటి లేదు. ఎన్నో దినములుగా తప్పులు పట్టబడినవాడు మొదటిసారి తానే న్యాయాధిపతియై కూర్చుండును. చెవి పదునెక్కుటకు ఇంతకంటె మంచి సాన నాకు తెలియదు. ఆ తరువాత సమయము చూచి బిడ్డ మాటను ఫోనులో పట్టి తనకే వినిపించవచ్చును, గాని బంధువుల యెదుట మాత్రము వద్దు.

"అయ్యగారూ, కూలికి పోయి వచ్చినవారము, ఆటలకు వేళ ఎక్కడిది?" అని తల్లులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. ఆటకు వేళ లేనివారు ఒక్కటి చేయుడి. బిడ్డ "అమ్మా, తాతి" అన్నప్పుడు "కాకి అను" అనకుడి. "అవును, కాకి. కాకి గోడమీద వాలింది. కాకికి మెతుకులు వేద్దామా?" అనుడి. సరియైన మాట మూడుసార్లు బిడ్డ చెవిని పడినది. గద్దింపు లేదు. మాట తెగలేదు. చిక్కుడుకాయలు ఒలుచుచును దీనిని చేయవచ్చును.

ఇక్కడ ఒక సంగతి ప్రక్కకు చెప్పవలసియున్నది. పలుకు లోపమును, పలుకుబడిని కలిపివేయకూడదు. మన వాడలలో అనేకులు శాంతిని "సాంతి" అనియు, భాషను "బాస" అనియు అందురు. అది ఏ లోపమును కాదు, ఆ ఊరివారి మాట. తల్లియు తండ్రియు తాతయు పలికినట్లు బిడ్డ పలుకుచున్నాడనగా వాని చెవి చక్కగా పనిచేయుచున్నదన్నమాట. న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయములో యొర్దాను రేవుల యొద్ద గిలాదువారు కావలియుండి, దాటవచ్చిన ప్రతివానిచేత షిబ్బోలెతు అని పలికించిరి. ఎఫ్రాయిమీయులకు ఆ మొదటి అక్షరము రాదు. ఒక్క అక్షరమునుబట్టి 42,000 మంది ఆ కాలమున కూలిరని వ్రాయబడియున్నది. రేవు దగ్గర నిలిచినవారు మాట వినలేదనలేము. మిక్కిలి శ్రద్ధగానే వినిరి. అయితే మనుష్యుని వినుటకు కాదు, పట్టుకొనుటకు వినిరి. ఇంటర్వ్యూలలో మన పిల్లల మాట విని నవ్వువారు ఆ రేవునే ఇంకను కాయుచున్నారని నా అభిప్రాయము. వినుట యంతయు మంచిదని అనుకొనరాదు.

ఇప్పుడు కష్టమైన సంగతికి వచ్చెదను. బిడ్డ ఏదో చెప్పును. మనకు తెలియదు. "ఊఁ, సరే సరే" అని తలయూపుదుము. బిడ్డ మనస్సు నొచ్చుకొనకూడదని అట్లు చేయుచున్నామని చెప్పుకొందుము. ఇది దయయా, అబద్ధమా? నేను దీనిని చాల కాలము ఆలోచించితిని. తెలియనిది తెలిసినట్లు నటించుట అబద్ధమే. దానివలన నష్టపోవువాడు బిడ్డయే. ఏమి చెప్పినను ఒక్కటే "సరే" వచ్చునప్పుడు, మాట తేటపరచుకొనుటకు వానికి కారణమేమున్నది? అంతకంటె భయంకరమైనది మరియొకటి కలదు. కడుపులో నొప్పి అని చెప్పియుండవచ్చును. ఎవడో కొట్టెననియో, ముట్టరాని చోట ముట్టెననియో చెప్పియుండవచ్చును. నోరు తిరుగని బిడ్డకు కీడు చేయువానికి ఒక ధైర్యమున్నది: వీడు చెప్పినను ఎవరికిని తెలియదు. మన తలయూపులు ఆ ధైర్యమును పెంచుచున్నవి.

దీనికి ఎదురుగా మరియొక అబద్ధమున్నది. బిడ్డ "నీలు" అన్నాడు. నీళ్లని మనకు తెలిసినది. అయినను "నాకు తెలియలేదు, సరిగా అంటేనే ఇస్తాను" అందుము. దాహముతో నున్నవానిని చెంబు చూపించి పరీక్షించుట శిక్షణ కాదు. తెలిసిన దానిని తెలిసినదని ఒప్పుకొని నీళ్లు ఇయ్యవలెను. తెలియని దానిని తెలియలేదని ఒప్పుకొనవలెను. "నాయనా, నాకు సగమే తెలిసింది. అన్న ఏదో చేశాడన్నావు. ఏం చేశాడో చూపించు" అని అడుగుట నిజము, మర్యాదయు. బిడ్డ చేయి పట్టుకొని తీసికొనిపోయిన చోటికి పోవలెను. పని ఆగిన ఆగనిండు. యాకోబు పత్రిక 1:19ని మనము కోపము విషయమై ఎక్కువగా బోధించుదుము. వినుటను గూర్చిన అందలి మొదటి మాటను ఇంటి పెద్దల చెవిని వేయుట తక్కువ.

ఇంత గారాబము చేసిన బిడ్డ ఎప్పటికి నేర్చును అని కొందరు పెద్దలు అందురు. దిద్దకుండ విడువుమని నేను చెప్పుట లేదు. నాలుగేండ్లు నిండిన బిడ్డ మాట పరాయివారికికూడ చాలమట్టుకు తెలియవలెను. "ర" వంటివి కొంత ఆలస్యమైనను కావచ్చును గాని, నాలుగేండ్లు దాటినను మాట తెలియకున్న యెడల పెద్దవాడైన వచ్చునులే అని కూర్చుండరాదు. గట్టిగా దిద్దుడి, గాని గుంపులో కాదు. దిద్దుటకు ముందు వినుడి.

కొన్ని యిండ్లలో బిడ్డకు బదులు మాటలాడునది అక్క. తమ్ముడు నోరు తెరచును, అక్క అర్థము చెప్పును. నేను ఎరిగిన ఒక యింటిలో అక్కకు తొమ్మిదేండ్లు, తమ్మునికి ఆరు. తల్లికికూడ తెలియని మాటలు ఆ పిల్లకు తెలియును. నిర్గమకాండము 4వ అధ్యాయములో మోషే తన నోరు మాంద్యమైనదని చెప్పుకొనినప్పుడు దేవుడు అహరోనును తోడుగా ఇచ్చెను. ఆ చిన్నదియు అట్టి తోడే. ఆమెను అభినందింపవలెను. అయితే అక్క బడికి పోయిన దినమున తమ్ముడు ఒక్క మాటయు ఆడక సాయంకాలమువరకు గడపమీద కూర్చుండెనని నాయనమ్మ చెప్పెను. అర్థము చెప్పువారు ఎప్పుడును ప్రక్కననే యుండిన ఇంటిలో మిగిలినవారి చెవులు సోమరివగును. ఆ యింటివారితో నేను చెప్పినదేమనగా, రోజుకు ఒక గంట అక్క ఊరకుండవలెను, ఆ గంటలో తండ్రియే బిడ్డ మాట వినవలెను. మొదటి వారము తండ్రి విసుగుకొనెను. ఇప్పుడు ఆయనకు సగముకంటె ఎక్కువ తెలియుచున్నది. పిల్లవానికి "క" ఇంకను రాలేదు.

క్రిస్మస్ పండుగ కంఠత వాక్యముల జాబితా వ్రాయు ఆదివార పాఠశాల ఉపాధ్యాయినులకు ఒక మనవి. ఇట్టి పిల్లల పేర్లు జాలిచేత విడిచిపెట్టకుడి. బిడ్డను అడుగుడి, చెప్పుదునన్నచో చిన్న వాక్యము ఇచ్చి, రెండు వారములు ముందుగా ఇంటియొద్దనే చెప్పించుకొనుడి. వద్దన్నచో గంట కొట్టు పనియో, దీపము పట్టుకొను పనియో ఇయ్యుడి. ఎవరైన నవ్విన యెడల పిల్లలను గద్దించుటకు ముందు వెనుక బల్లలమీద కూర్చున్న పెద్దలను చూడుడి, నవ్వు సాధారణముగా అక్కడనే మొదలగును. అక్కను ప్రక్కన నిలువబెట్టి అర్థము చెప్పించకుడి. రెండవ వరుసలో కూర్చుండనిండు. వాడు చెప్పవలసినది వాడే చెప్పును. తెలియనివారు ఆరాధన ముగిసిన తరువాత వాని యొద్దకు పోయి, క్రింద కూర్చుండి, మరల ఒకసారి చెప్పుమని అడుగవచ్చును.